ఒకే లాగిన్‌తో పనిచేసిన రోజులు

పటాన్‌చెరులో మందుసీసాల మూతలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. ఆఫీసు పనంతా ఇద్దరం ఆడవాళ్ళమే చూసేవాళ్ళం. నేను కర్దనూర్ నుంచి ఆటోలో వచ్చేదాన్ని, అక్క పోతిరెడ్డిపల్లి నుంచి బస్సులో. సొంత అక్క కాదు. వాళ్ళ నాన్న ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి గుంటూరు వైపు నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. ఆమె ఇక్కడే పుట్టి పెరిగినా ఇంటి భాష వదల్లేదు. నేను "గట్లనే" అంటే "అలాగే అనవే, నోరు తిరగదా?" అని ఏడిపించేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు, ఆమె దీర్ఘాలు ఆమెకే అప్పజెప్పేదాన్ని.

ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్, ఒకటే మెయిల్. పాస్‌వర్డ్ మా చర్చి క్యాలెండర్ మూలన పెన్సిల్‌తో రాసి ఉండేది. ఆమె ఆర్డర్ చదివితే నేను టైప్ చేసేదాన్ని, వేళ్ళు నొప్పిపుడితే కుర్చీలు మార్చుకునేవాళ్ళం. ప్రతి మెయిల్ కిందా 'ఆఫీసు' అనే ఉండేది తప్ప మా పేర్లుండేవి కావు. ఏదైనా తప్పు జరిగితే ఎవరిదో మాకే గుర్తుండేది కాదు. "మావల్లే సార్" అని ఇద్దరం ఒక్కసారే అనేసేవాళ్ళం. ఎవరిని తిట్టాలో తెలియక ఓనరు ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి నడిచేవాడు. ఆ ఉద్యోగంలో నాకు నచ్చిందల్లా ఆ పక్క కుర్చీయే. జీతం కాదు, మూతలు అసలే కాదు.

ఒకరోజు సార్ ఏదో మీటింగుకు పోయి వచ్చాడు. "అందరు క్లౌడ్‌ల పనిచేస్తున్నరు. మనమే గిట్ల ఒక్క డబ్బా ముందట కూసున్నం" అన్నాడు. రెండు కంపెనీల వాళ్ళు వచ్చి, కొన్నాళ్ళు ఉచితంగా వాడి చూడమని వాళ్ళ వాళ్ళ సర్వీసులు అంటగట్టిపోయారు. మెయిలు, షీట్లు, ఫైళ్ళు, వీడియో మీటింగులు అన్నీ రెండింట్లోనూ ఉన్నాయి. "చెరొకటి వాడి సూడుండ్రి, ఏది మంచిగుంటె అది తీసుకుందాం" అని సార్ మాకు చెరో లాప్‌టాప్ ఇచ్చాడు.

పెళ్ళిచూపులకొచ్చిన అబ్బాయిల్లా రెండూ మొదట్లో బుద్ధిగానే ఉన్నాయి. నాకొచ్చినవాడు పాత షీట్లను చెక్కుచెదరకుండా తెరిచేవాడు, వానకు నెట్ పోయినా పని ఆపేవాడు కాదు. అక్కవాడి దగ్గర గళ్ళన్నీ చెదిరిపోయేవి గానీ, ఇద్దరం ఒకే షీటులో ఒకేసారి రాసుకోవచ్చు. "ఎట్లున్నడక్కా మీ పిలగాడు?" అంటే "బాగానే ఉన్నాడమ్మా, కాస్త నిదానం" అనేది. నవ్వుకుంటూనే ఉన్నా నాకు లోపల గుబులుగా ఉండేది. ఏ సాఫ్ట్‌వేర్ వస్తే నాకేం, పక్క కుర్చీ పోతుందేమోనని.

సార్ ముందు ఎవరి సర్వీసు గురించి వాళ్ళం చెప్పాల్సిన రోజు వచ్చింది. అంతకు ముందే ఒక లోడు తిరిగొచ్చి ఉంది. నీలం మూతలు పోవాల్సిన చోటికి తెల్లవి పోయాయి. ఎప్పటిలాగే "మావల్లే సార్" అనేశాం, సార్ కూడా ఎప్పటిలాగే బయటికి నడిచాడు. ఇప్పుడు అక్క తన షీటు తెరిచి, ఎవరు ఏం మార్చారో ఇందులో పేరుతో సహా కనబడుతుందని చూపిద్దామని హిస్టరీ బటన్ నొక్కింది. పని ఎక్కువైన ఒక మధ్యాహ్నం ఆమె షీటులో కొన్ని వరసలు నేనే నింపాను. తెర మీద నీలం కొట్టేసి ఉంది, దాని పక్కన తెలుపు, ఆ పక్కన నా పేరు.

అక్క ముఖం పాలిపోయింది. "నేనే తప్పు చదివాను సార్. తనేం చేస్తుంది, నేను చెప్పిందే కొట్టింది" అంది గబగబా. ఆ రోజు ఆమె ఏమీ చదవలేదు, నేనొక్కదాన్నే చేశాను.

సార్ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. "పరేషాన్ గాకుండ్రి. నాకు గిదే కావాలె. ఎవరేం జేసిండ్రో గింత సాఫ్‌గ కనబడుతుంటె ఇంకేం గావాలె?" అని సంబరపడిపోయాడు. ఆమె చూపించిన సర్వీసే ఖాయమైంది.

నాకు అక్క మీద కోపం రాలేదు, సిగ్గేసింది. కోపం వచ్చిందనుకుని ఆమె మాట తగ్గించింది. ఆమె తగ్గించింది కదా అని నేనూ తగ్గించాను. ఎవరి లాప్‌టాప్ వాళ్ళకుంది కాబట్టి ఆమె టేబుల్ అద్దం గోడకు అవతల, లారీలు ఆగే వైపుకి మారింది. "ఏమే" అని పిలిచే మనిషి షీటులో నా గడి పక్కన "ప్లీజ్ చెక్" అని రాయడం మొదలుపెట్టింది. నేను "డన్" అని కొట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం చాట్‌లో ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, "అన్నం తిన్నావా?" అని. పని మాట కానిది రావడం అదే మొదటిసారి. నేను తినలేదు. లేచి, అన్నం డబ్బా పట్టుకుని, ఆ అద్దం తలుపు తోసుకుని పోతే అయిపోయేది. ఆమె కోరిందీ అదేనని ఇప్పుడు తెలుస్తోంది, ఎంత బాధపడితే ఏం లాభం? ఆ మెసేజ్ కిందే, మనం టైప్ చేయక్కర్లేకుండా బొటనవేలి బొమ్మ సిద్ధంగా ఉంది. చేతిలో పని ఉండి అది నొక్కేశాను.

అద్దం అవతల ఆమె ఫోన్ పక్కన పెట్టి, తన డబ్బా మూత తీసి తినడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటుంది. తిన్నావా అని మళ్ళీ అడగలేదు.