మెట్ల కింద సెమినార్ హాలు

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మా ఇంట్లో ఆ లెక్క తప్పు. అసలు మొగుడైనా అప్పుడప్పుడు మెత్తబడతాడు గానీ మా వదిన మెత్తబడదు. పొద్దున మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారిన దగ్గర్నుంచి మళ్ళీ మంచం ఎక్కేదాకా ఆవిడకి ఎవరో ఒకరితో వాదన ఉండాలి. లా కాలేజీలో సాయంత్రం క్లాసులు చెబుతుంది. విద్యార్థులు చాటుగా ‘సెక్షనమ్మ’ అంటారు. ఎదురుగా అనే ధైర్యం నాకొక్కదానికే ఉంది.

వదిన చదువంతా వివక్ష మీద. మనిషికీ మనిషికీ తేడా చూపించకూడదని చట్టం ఎక్కడ చెప్పింది, ఎక్కడ చెప్పినట్టే చెప్పి జారుకుంది, ఇదే గోల. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఉల్లిపాయలు తరుగుతుంటే, తన తమ్ముణ్ణి, అంటే మా ఆయన్ని పిలిచి, “ఈ పని దీనికే ఎందుకురా? సరైన కారణం ఒక్కటి చూపించు, నోరు మూసుకుంటాను” అంది. పాపం, ఆయన ఇప్పటికీ కారణం వెతుకుతూనే ఉన్నాడు. వెతుకుతూ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అందుకే వదిన ఎంత సతాయించినా నేను పడతాను.

నాకు పక్కవీధిలో కుట్టుకొట్టు ఉంది. వదిన థీసిస్ సగం అక్కడే పుట్టింది. నేను మిషను తొక్కుతుంటే పక్కన కూర్చుని రాసుకునేది, రాసింది పైకి చదివి “ఏమే, అర్థమైందా?” అనేది. కాలేదంటే కొట్టేసి మళ్ళీ రాసేది. అయిందంటే నమ్మేది కాదు.

ఏళ్ళకేళ్ళు సాగిన ఆ థీసిస్ ఎలాగో పూర్తయి, పరీక్షకుల ముందు కూర్చుని జవాబులు చెప్పే వైవా రోజు వచ్చింది. గడువుకి అదే ఆఖరి రోజు. ఆ సాయంత్రంలోగా వైవా కాకపోతే ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. డాక్టరేటు లేనిదే పర్మనెంటు ఉద్యోగం లేదని కాలేజీవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. వదినకి యాభై దగ్గర పడుతోంది. పైకి చెప్పదు గానీ, ఆ రోజు జాకెట్టు గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుంటే నేనే విప్పి సరిచేశాను.

వైవా రెండో అంతస్తులో సెమినార్ హాల్లో అట. అప్పటికల్లా లిఫ్టు వచ్చేస్తుందని ఆఫీసువాళ్ళు చెబితే నమ్మింది. మేం వెళ్ళేసరికి లిఫ్టు ఉండాల్సిన చోట చెక్క అడ్డం పెట్టి ఉంది. దాని మీద ‘త్వరలో’ అన్న కాగితం పసుపుపచ్చగా మారిపోయింది. మెట్ల దగ్గర మాత్రం ప్రిన్సిపల్ గారు పెళ్ళికూతురి తండ్రిలా నవ్వుతూ నిలబడ్డారు. మంచి భారీ మనిషి. ఆయన వెనకాల కాలేజీ కుస్తీ జట్టులోని నలుగురు వస్తాదులు.

“కంగారేం లేదమ్మా. కుర్చీతో సహా ఎత్తి, పువ్వుని పెట్టినట్టు పైన పెట్టేస్తారు!”

“వద్దండీ” అంది వదిన.

నాకు ఒళ్ళు మండింది. వంగి చెవిలో గొణిగాను. “ఎత్తించుకుంటే అరిగిపోతావా వదినా? రెండు నిమిషాల పని. ఇవాళ కూడా పంతమేనా?”

“మూడో అధ్యాయం నీకు చదివి వినిపించానా లేదా? మనిషిని మోసుకెళ్ళి లోపల పెట్టడం ప్రవేశం కాదు, సామాను రవాణా అని రాశానే! ఇప్పుడు వీళ్ళ చేతుల మీద ఊరేగుతూ వెళ్ళి, ఆ మాటే నిజమని ఏ మొహంతో వాదించను?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎక్కితే థీసిస్ అబద్ధమవుతుంది. ఎక్కకపోతే అసలు థీసిసే ఉండదు.

“అయితే కిందే పెట్టేయండి సార్” అన్నాను.

“వైవా అయినా కమిటీ అయినా సెమినార్ హాల్లోనే జరగాలని నియమం ఉందమ్మా” అన్నారు ప్రిన్సిపల్ గారు.

ఇక చూడాలి ఆ తమాషా! అక్కడున్నవాళ్ళంతా లాయర్లకి చదువు చెప్పేవాళ్ళాయె. నియమానికి మినహాయింపు ఉందా లేదా అని మొదలుపెట్టారు. నియమాల పుస్తకం పైన ఉంది, వదిన కింద ఉంది. పుస్తకం కిందికి తేవచ్చుగా అంటే, అది గది దాటకూడదని ఇంకో నియమమట. ప్రిన్సిపల్ గారు ఎక్కి చదివి, దిగి చెప్పేవారు. వదిన ఒక ప్రశ్న వేసేది. ఆయన మళ్ళీ ఎక్కేవారు. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు, బక్కపల్చని పెద్దాయన, పై నుంచి తొంగిచూస్తూ మరో సందేహం విసిరేవాడు. వదిన గైడు గారైతే సరిగ్గా సగం మెట్ల మీద నిలబడి, పైవాళ్ళు మాట్లాడితే పైకి, కిందివాళ్ళు మాట్లాడితే కిందికి తల ఊపుతున్నారు.

అలా ఎక్కుతూ దిగుతూ, ఒకసారి ప్రిన్సిపల్ గారు నడిమెట్ల మీద ఆగిపోయారు. “అబ్బా! మోకాలు పట్టేసింది” అని మెట్ల రెయిలింగు పట్టుకున్నారు.

పొద్దుట్నుంచి పని లేక విసిగిపోయి ఉన్న వస్తాదులు ఒక్క ఉరుకున వెళ్ళి ఆయన్ని అమాంతం ఎత్తేశారు.

“ఒరేయ్! దింపండ్రా! నేనేమన్నా బియ్యం బస్తానా?”

“పైకా సార్, కిందికా?” అన్నాడొక వస్తాదు భక్తిగా.

అన్ని అంతస్తుల్లోనూ విద్యార్థులు గోడల మీదికి వంగి మరీ చూస్తున్నారు. ఆయన కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది, చొక్కా పైకి లేచిపోయింది. ఎవరో ఈల కూడా వేశారు. చివరికి తెచ్చి వదిన పక్కనే దింపారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. వదిన నవ్వలేదు. తన నీళ్ళ సీసా ఆయన చేతికిచ్చింది.

ఆయన నీళ్ళు తాగారు. చొక్కా సర్దుకున్నారు. వదిన కుర్చీ వంక ఒకసారి, మెట్ల వంక ఒకసారి చూశారు.

“ఆ హాలు హాలెలా అయింది?” అన్నారు ఉన్నట్టుండి. “నేను బోర్డు పెట్టిస్తేనే కదా! వెళ్ళి ఆ బోర్డు పీక్కురండ్రా.”

వస్తాదులకి ఎట్టకేలకి పని దొరికింది. బోర్డు దిగింది. మెట్ల కింద మూలలో మేకు కొట్టి తగిలించారు. ఇకనుంచి ఇదే సెమినార్ హాలని తీర్మానం రాసి సంతకాలు చేశారు. గైడు గారు కూడా పూర్తిగా దిగివచ్చారు.

పై నుంచి దిగివచ్చిన పరీక్షకుడు మొదటి ప్రశ్నే ఆ మూడో అధ్యాయం మీద పెట్టాడు. “మోసుకెళ్ళడాన్ని సామాను రవాణా అన్నారు. కాస్త ఎక్కువ మాట కాదా?”

వదిన నోరు తెరిచేలోపే ప్రిన్సిపల్ గారు మోకాలు రుద్దుకుంటూ, “ఎక్కువేం కాదండీ” అన్నారు.

“మిమ్మల్ని అడగలేదండీ.”

“అడక్కపోయినా చెబుతున్నాను.”

చీకటి పడకముందే వదిన డాక్టరైంది. నేను అక్కడే భోరుమన్నాను. “ఛ, ఊరుకోవే” అంటూ తనూ ముక్కు చీదుకుంది.

మర్నాడు ప్రిన్సిపల్ గారు బోర్డు పైకి పంపబోతే వదిన అడ్డుపడింది. “తీర్మానం మార్చాలంటే కమిటీ కూర్చోవాలి సార్. కమిటీ సెమినార్ హాల్లోనే కూర్చోవాలి. నియమం మీరే చెప్పారు. కూర్చున్నాక, నేను చేరలేని చోటికి హాలు ఎందుకు మార్చాలో సరైన కారణం ఒక్కటి చూపించండి.” పట్టిన కుందేటికి మూడే కాళ్ళు! అప్పట్నుంచి కాలేజీ పెద్దల సమావేశాలన్నీ మెట్ల కిందే. పైన పిల్లలు దడదడా దిగినప్పుడల్లా దుమ్ము వాళ్ళ టీ కప్పుల్లో, ప్రిన్సిపల్ గారి బట్టతల మీద. ‘త్వరలో’ అన్న కాగితానికి అప్పుడు చలనం వచ్చింది. ఆ ఏడాది తిరక్కుండానే లిఫ్టు బిగించారు.

ఇరుకు లిఫ్టు. వదిన కుర్చీ పడితే ఇంకొకరికి చోటు లేదు. ఎప్పుడూ వెనకాల నిలబడి తోసే నేను చేతులు ఖాళీగా పెట్టుకుని చూస్తుండగా తలుపు మూసుకుంది. ఒక్కతే పైకి వెళ్ళిపోయింది. నాకెందుకో దిగులేసింది, సంతోషమూ వేసింది, ఏది ఎక్కువో తెలియలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ అక్కడే నిలబడ్డాను.

రెండో అంతస్తు నుంచి వదిన వంగి చూసి అరిచింది.

“ఏమే, కిందే ఉండిపోయావేం? మెట్లున్నాయిగా, ఎక్కి రా!”