జలపతి సారు గొంతు పోయిన వారం

జగిత్యాల డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం చెప్పే జలపతి సారు మెల్లగా మాట్లాడగా విన్న మానవుడు లేడు. అందులో ఆయన తప్పేమీ లేదు. పుట్టింది సిరిసిల్లలో. తండ్రి సారయ్యకు ఇంట్లోనే నాలుగు సాంచాలుండేవి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. నాలుగూ ఒక్కసారి నడుస్తుంటే అన్నంలోకి ఉప్పు అడగాలన్నా గొంతు చించుకోవాల్సిందే. ఆ చప్పుడులో అక్షరాలు దిద్దిన మనిషికి గుసగుస ఎట్లా అబ్బుతుంది? పెళ్లిచూపుల నాడు రాధను పక్కకు పిలిచి, నేను నీకు నచ్చానా అని చాటుగా అడిగితే, ఆమె నోరు తెరవకముందే వాకిట్లో కూర్చున్న పిల్ల మేనమామ నచ్చినవ్ తియ్యి అని జవాబిచ్చాడట.

ఇంత గొంతున్నవాడు ఏ చదువు చదవాలి? నాటకాలాడొచ్చు, లీడరు కావొచ్చు, సంతలో ఎడ్లమ్మొచ్చు. ఈయన పోయి పోయి మతాల సమాజశాస్త్రం పట్టుకున్నాడు. అందులోనూ ఊచకోతల్లో ప్రాణాలు దక్కించుకున్నవాళ్ల గురించి. అయినవాళ్లంతా తుడిచిపెట్టుకుపోయాక మిగిలిన ఒక్క మనిషి మళ్లీ దేవునికి ఎట్లా మొక్కుతాడు, ఆ తర్వాత వచ్చే మొదటి పండుగ ఎట్లా చేసుకుంటాడు, అసలు చేసుకుంటాడా? ముప్ఫై ఏళ్లుగా ఆయన అడుగుతున్న సంగతి ఇదే. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఊపిరి బిగబట్టి అడగాల్సిన మాట ఇది. ఈయన అడిగితే వీధి చివర కుక్కలు లేచేవి.

డాక్టరు పట్టా చేతికొచ్చిన రోజు సారయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సచ్చినోళ్ల మీద రాస్తే కొలువిస్తారా అని అడిగాడు. సచ్చినోళ్ల మీద కాదు, బతికినోళ్ల మీద అన్నాడు కొడుకు.

"మరి వాళ్లను బతకనియ్యరాదు?" అన్నాడు సారయ్య, సాంచ ఆపకుండానే.

న్యాయంగా చెప్పాలంటే ఆయన రాత మాత్రం వెన్నపూస. దూరదేశాల పండితులు ఆయన వ్యాసాలు చదివి ఉత్తరాలు రాసేవాళ్లు. ఒకసారి ఢిల్లీ సదస్సుకు పిలిచారు. ఆయన నోరు తెరిచిన మరుక్షణం సభాధ్యక్షురాలు లేచొచ్చి మైకు తీసుకుపోయింది. ఎవరికీ ఏ లోటూ జరగలేదు, పక్క హాల్లోవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

ఇట్లా ఊళ్లు తిరిగి, దేశాలు చదివి, చివరికి ఆయన సొంత జిల్లాలోకి వచ్చి పడ్డాడు. కోరుట్లలో వహీదాబీ అనే ముసలమ్మ ఉంది. ఎనభై మూడేళ్లు. పోలీస్ యాక్షన్ నాటి అల్లర్లలో, ఏడేళ్ల పిల్లగా, ఒక పల్లెలో ఇంటివాళ్లందరినీ పోగొట్టుకుంది. ఆమె పెద్దకొడుకు బషీర్‌కు పరుపులు కుట్టే దుకాణం. ముందు గదిలో దూది, వెనక గదిలో తల్లి.

మొదటిసారి వెళ్లినప్పుడు జలపతి సారు అరవై నాలుగు ప్రశ్నల కాగితం తీసి, ఆమె ముందు పీట వేసుకుని, తనకు చేతనైనంత సున్నితంగా మొదలుపెట్టాడు. పదిహేడో ప్రశ్న, మీకు దేవుని మీద కోపం వచ్చిందా అనేది. వహీదాబీ పెదవి కదిపే లోపల గోడవతల నుంచి ఎవరో ఆడమనిషి, "నాకచ్చింది సారూ, నిరుడు బోరెండినప్పుడు" అంది. వీధిలో కూరగాయల బండివాడు కూడా ఆగి, తన సంగతి చెప్పుకోవడానికి గొంతు సవరించుకున్నాడు.

అసలు అనర్థం ఆ రోజే జరిగింది. తల్లి ముందు ఇంతలేసి కేకలు పెడుతున్న సారును బషీర్ కాసేపు తేరిపార చూశాడు. పేరు ముందు డాక్టరని ఉంది. డాక్టరు ఊరికే అరవడు కదా! బషీర్‌కు విషయం బోధపడిపోయింది.

"మా అమ్మీకి చెవులు గింత మందమైనయని ఇంట్ల ఉండి మాకే తెల్వలే సార్. మీరు చూడంగనే పట్టిన్రు" అన్నాడు, కళ్లనిండా నీళ్లతో.

జలపతి సారేమో ముసలమ్మకు చెవుడని కొడుకే చెబుతున్నాడు కాబోలు అనుకున్నాడు. దాంతో ఇంకో మెట్టు పైకెత్తాడు. ఆ రోజు నుంచి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, మనవలు, చివరికి పాలవాడు కూడా వహీదాబీ దగ్గరికొచ్చి అరవడం మొదలుపెట్టారు. బషీర్ జగిత్యాల వెళ్లి చెవి మిషను కూడా తెచ్చాడు. అది పెట్టుకున్నాక ఆ అరుపులు నేరుగా మెదడులో దిగేసరికి ముసలమ్మ బెదిరిపోయి, దాన్ని తీసి పాన్‌దాన్‌లో వక్కల కింద దాచేసింది. నాకు చెవుడు లేదు మొర్రో అని ఎందుకు చెప్పలేదంటారా? చెప్పబోయింది. వినేవాడెవడు, అందరూ అరుస్తుంటే! పైగా చెవుడొచ్చాక కోడళ్ల తగాదాల్లో తీర్పు చెప్పమని అడగడం మానేశారు. ముసలమ్మకు అది కూడా ఒక సుఖమే అనిపించింది.

తల్లికి వినపడదు కాబట్టి ఆమె కథ చెప్పే భారం బషీర్ ఎత్తుకున్నాడు. రెండేళ్లలో ఏడుసార్లు చెప్పాడు, ఏడుసార్లూ సారు రికార్డు చేసుకున్నాడు. మొదటిసారి ఆ పిల్ల ఒక పూట దాక్కుంది. మూడోసారికి అది మూడు రోజులైంది. ఏడోసారికి తొమ్మిది రోజులు, నడుమ ఒక పులి. చెబుతూ చెబుతూ బషీర్ లేచి నిలబడేవాడు, దూది కొట్టే కర్ర తుపాకిలా పట్టుకునేవాడు, ఏడ్చేవాడు. మంచి మనిషి, అబద్ధమాడుతున్నానని ఆయనకే తెలియదు. ఎదురుగా అసలు మనిషి మంచం మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటూ కొడుకు మొహం కేసి చూస్తుండేది.

సారుకు ఇది ముల్లై కూర్చుంది. పుస్తకం అంతా అయిపోయింది, వహీదాబీ అధ్యాయం తప్ప. పులిని రాయలేడు, రాయకుండా ఉండలేడు. ఆమె చూస్తే నానాటికీ సన్నబడిపోతోంది. రేపు ఏదైనా జరిగితే ఈ భూమ్మీద ఆ పిల్ల కథగా మిగిలేది బషీర్ పులి ఒక్కటే. ఆ మాట తలుచుకుంటే అన్నం సహించేది కాదాయనకు.

అట్లాంటి సమయంలో, కొడిమ్యాలలో విద్యార్థుల సేవా శిబిరానికి పోయి రెండు రోజులు ఎండలో మైకు లేకుండా మాట్లాడితే గొంతు పోయింది. మామూలుగా కాదు, పూర్తిగా. గొంతు డాక్టరు లైటు వేసి చూసి, పది రోజులు పెదవి కదిపినా ఊరుకోనన్నాడు. రాధ పైకి బాధపడి, లోపల ఎల్లమ్మకు మొక్కుకుంది. కాలేజీలో పిల్లలు ఆయన క్లాసులో మొట్టమొదటిసారి హాయిగా నిద్రపోయారు.

నాలుగో రోజు బషీర్ ఫోన్ చేసి, అమ్మీ రెండు రోజులుగా సరిగా తినడం లేదన్నాడు. సారు ఇక ఆగలేకపోయాడు. పోయి చేసేదేమీ లేదు, అడిగే గొంతు లేదు, అయినా బస్సెక్కాడు. కండక్టరు ఆయన్ను మూగవాడనుకుని కిటికీ సీటిప్పించి, భుజం తట్టి దింపాడు.

వెనక గదిలో పీట మీద కూర్చున్నాడు. ప్రశ్నల కాగితం తియ్యలేదు. గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. వహీదాబీ ఆయన్ను ఎగాదిగా చూసింది. ముందు గదిలో దూది కొడుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. ఆమె తమలపాకు మడిచి ఆయన చేతిలో పెట్టింది. చాలాసేపు ఇద్దరూ నమిలారు.

"ఇయ్యాల మనిషి లెక్క అచ్చినవు బేటా" అంది. "నాకు చెవుడేం లేదు. నువ్వొర్రుతవు, వాడొర్రుతడు. నడుమ నేనేం చెప్పాలె?"

జలపతి సారుకు సగం నమిలిన ఆకు గొంతుకు అడ్డం పడింది. దగ్గడానికి కూడా భయపడి, జేబులోంచి పెన్సిలు తీశాడు.

ఆమె చెప్పింది. పులి లేదు, తొమ్మిది రోజులూ లేవు. పక్కింటి ఓదెలు తల్లి పిల్లలిద్దరినీ వడ్లు పోసుకునే గుమ్మిలో దించి, పైన గడ్డి కప్పింది. పిల్లలిద్దరు అనగానే సారు పెన్సిలు ఆగింది. ఏడు రికార్డింగుల్లో ఎప్పుడూ రెండో పిల్ల లేదు.

"మా అక్క. సల్మా. పదకొండేండ్లు. రాస్కో" అంది వహీదాబీ. "రెండో దినం నాకు దూపయి ఏడ్సిన. నీళ్లు తెస్త, సప్పుడు చెయ్యకని చెప్పి బయటికి దిగింది. మల్ల రాలే."

సారు రాసుకున్నాడు. అక్షరాలు మసకేస్తుంటే కళ్లు తుడుచుకుని మళ్లీ రాసుకున్నాడు. అడక్కుండానే ఆమె ఆ పదిహేడో ప్రశ్నకు కూడా వచ్చింది. కోపమో ఏమో తనకు తెలియదట. నమాజు అయ్యాక దువాలో చేతులైతే ఎత్తేదట గానీ దేవుణ్ని ఏమీ అడగబుద్ధయ్యేది కాదట. అక్క పేరు ఒకసారి అనుకుని చేతులు దించేదట. ఇప్పటికీ అంతే, రోజుకు అయిదుసార్లు.

ముందు గదిలో దూది చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరూ గమనించలేదు. తలనిండా దూదితో బషీర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో గానీ, పెద్ద సూది చేతిలో అట్లాగే ఉంది. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఈ రోజు ఒక పెద్దమ్మ పుట్టింది. మామూలుగా అయితే ఈపాటికి కర్ర తిప్పుతూ ఏదో ఒకటి అనేవాడే.

"నాకెందుకు చెప్పలే అమ్మీ?" అన్నాడు, వినీ వినపడనట్టు.

"నువ్వెప్పుడడిగినవ్? చెప్పుడే చెప్తివి."

బషీర్ సూదిని చొక్కాకు గుచ్చుకుని వచ్చి నేల మీద, సారు పీట పక్కన కూలబడ్డాడు. ఏం అడగాలో తెలియక సారు వైపు చూశాడు. సారుకు గొంతు లేదు. చివరికి తనే అడిగాడు, సల్మా పెద్దమ్మ ఎట్లా ఉండేదని.

వహీదాబీ చెయ్యి చాపి కొడుకు జుట్టులోంచి దూది ఒక్కొక్కటే తీసింది.

"ఎట్లుంటది? అచ్చం నీ లెక్కనే. ఒక్క నిమిషం నోరు మూసేది కాదు. నేను ఏడ్వద్దని గుమ్మిల గుడ నా చెవుల ఏదో ఒకటి చెప్తనే ఉండె, ఉన్నయి లేనియి. గందుకే నువ్వు చెప్తుంటె నాకు ఆపబుద్ధి కాకపాయె."