తూకం వేయని బిడ్డతో తిరుపతికి

నాలుగో దగ్గుమందు సీసా చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. మా తమ్ముడి కూతురు యశ్వితకు ఐదు నెలలు. రెండో నెల నుంచీ రొప్పు తగ్గలేదు. చూపించిన ప్రతిసారీ మా ఊళ్ళోని డాక్టరు 'నెమ్ము' అని ఒక సీసా రాసి పంపేవాడు. ఆఖరిసారి నేనూ వెంట వెళ్ళాను. స్వెట్టరు మీదనే గొట్టం ఆనించి, మా మాట పూర్తి కాకముందే తీసేశాడు. అదీ పరీక్ష! బట్టలు కుట్టే మనిషి కూడా కొలత తీయడానికి అంతకన్నా ఎక్కువ సేపు తీసుకుంటాడు.

మా అమ్మ మాట వేరు. పక్షిదోషం అంటుంది. పొద్దు గూకే వేళ పిట్టలు గూటికి పోతున్నప్పుడు పసిబిడ్డ మీద వాటి నీడ పడితే బిడ్డ చిక్కిపోతుందని మా వైపు నమ్మకం. మెడలో ఇప్పటికే రెండు తాళ్ళు కట్టించింది. నాతో పనిచేసే ఒకామె బిడ్డకు ఇలాంటి రొప్పే చివరికి గుండె లోపమని తేలింది. మూడో తాడుకు ఏర్పాట్లు జరుగుతుంటే, మంగళవారం నా వారపు సెలవు చూసుకుని, బిడ్డను గుండె డాక్టరుకు చూపించడానికి తిరుపతికి తీసుకుపోతున్నానని చెప్పేశాను. తమ్ముడు లారీ వేసుకుని హోసూరు వెళ్ళాడు. బయల్దేరింది నేను, మా మరదలు రేవతి, బిడ్డ.

ఉదయం ఐదూ యాభైకి బంగారుపాళ్యంలో చిత్తూరు బస్సు ఎక్కాము. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు లేవు. ఆరున్నరకు చిత్తూరులో దిగి, ఆటోలో స్టేషను చేరి, బయట బండి దగ్గర నాలుగేసి ఇడ్లీలు తిన్నాము. తిరుపతికి నేరుగా బస్సులున్నా ఏడుంబావు ప్యాసింజరు కోసం ఆగాము. కుదుపుల్లో ఆ బిడ్డ పాలు తాగలేదు. రైల్లో ఒక సీటు దొరికితే తల్లి కాస్త ఒరిగి కూర్చోవచ్చు.

సీటు దొరికింది. రేవతి బిడ్డకు పాలు పట్టింది. నేను ఎదురుగా కూర్చుని చూశాను. నాలుగు గుక్కలు తాగి వదిలేస్తుంది, రొప్పుతుంది, మళ్ళీ నోరు పెడుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. కిటికీలోంచి చల్లగాలి కొడుతున్నా నుదురంతా చెమట.

"ఎప్పుడూ ఇంతేనా?" అన్నాను.

"ఎప్పుడూ ఇంతే వదినా. బిడ్డ గట్టిగా పాలు లాగతా ఉండాది, అందుకే చెమట, మంచిదేలే అనె అత్త."

మంచిదేనట! పళ్ళు కొరుక్కుంటూ కిటికీ వైపు తిరిగాను.

పాకాలలో ఒక పూల ఆమె రెండు గంపలతో ఎక్కింది. బిడ్డను చూడగానే చెప్పేసింది.

"పక్షిదోషం మా ఇది. మా ఊర్లో ఒకాయన తాడు కడతాడు. యాడికి పోతా ఉండారు మీరు?"

"గుండె డాక్టరు దగ్గరికి."

"పసిబిడ్డకు గుండె జబ్బేంది మా, సోద్దెం కాకపోతే! అది పెద్దోళ్ళకు కదా వచ్చేది."

నాకు కోపం వచ్చింది గానీ ఆమెనేమనగలను? చదువుకున్న డాక్టరుకే తట్టలేదు. పుట్టుకతోనే గుండెలో లోపం ఉండవచ్చని ఆమెకు ఎవరు చెప్పారు? పోయేటప్పుడు బిడ్డ దుప్పటి మీద ఒక మూర మల్లెలు పెట్టి డబ్బులు వద్దంది.

తొమ్మిదింబావుకు తిరుపతి. పిల్లల గుండె చూసే ఆసుపత్రికి ఆటోలో పావుగంట. తొమ్మిదిన్నరకే మా టోకెను ముప్పై నాలుగు. మీరు పోవాల్సి వస్తే ముందు రోజే వచ్చి ఎవరైనా బంధువుల ఇంట్లో దిగండి, లేదా మాకన్నా ముందు బస్సు పట్టుకోండి. పక్కన కూర్చున్న పెనుమూరు ఆయన ఒళ్ళో రెండేళ్ళ కొడుకు. "మాకూ నెమ్మే అని చెప్పినారు మా, ఏడాది తిప్పినారు," అన్నాడు. పిల్లవాడి గోళ్ళు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఏడాది! నేను ఉన్నపళంగా లేచి వరండాలో అటూ ఇటూ నడిచాను.

పదకొండుకు నర్సు పిలిచింది. రేవతి అంగన్‌వాడీ కార్డు ఇచ్చింది. నర్సు కార్డు చూసింది, బిడ్డను చూసింది, మళ్ళీ కార్డు చూసింది. పోయిన నెల గడిలో ఆరు కిలోల మూడు వందలు అని ఉంది. బట్టలన్నీ తీయించి బిడ్డను తూకం మీద పెట్టింది. నాలుగు కిలోల వంద. మిషను తప్పేమోనని సున్నా చేసి మళ్ళీ పెట్టింది. నాలుగు కిలోల వందే.

"ఎవరు తూచినారమ్మా దీన్ని?"

రేవతి తల వంచుకుంది. చెప్పాల్సింది నేనే. ఎవరూ తూచలేదు. పసిబిడ్డను తూకం వేసినా, బరువు పైకి చెప్పినా చిక్కిపోతుందని మా అమ్మ ఒప్పుకోదు. నెలనెలా అంగన్‌వాడీ అమ్మాయి తూకం తెస్తుంది, మా అమ్మ వద్దంటుంది. గడి ఖాళీగా ఉంటే ఆ పిల్లకు పైనుంచి తిట్లు. మూడో నెలలో ఇద్దరూ వాదులాడుకుంటుంటే నేను ఇంట్లోనే ఉన్నాను. "పోనీలే పాప, బొద్దుగానే కనిపిస్తా ఉండాదిలే, అందాజుగా రాసేయ్," అన్నది నేనే. అప్పటి నుంచీ అన్ని గడులూ అందాజే. రెండు చొక్కాలూ స్వెట్టరూ తొడిగిన బిడ్డ ఎవరికైనా బొద్దుగానే కనిపిస్తుంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి దగ్గర నా ఉద్యోగం. కాయల లారీకి అందాజు తూకం రాయమని ఎవడైనా అడిగితే చీటీ వాడి మొహాన కొట్టేదాన్ని! సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరమ్మ బిడ్డ ఒంటి మీద నూలుపోగు లేకుండా పడుకోబెట్టింది. ఊపిరి లెక్కపెట్టింది. చేతి నాడి, గజ్జల్లో నాడి పట్టి చూసింది. కాలికి చిన్న క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసింది. కడుపు నొక్కి కాలేయం ఎంత కిందికి దిగిందో చూసింది. ఆ తర్వాత గొట్టం పెట్టి, నాలుగైదు చోట్ల మార్చి మార్చి, కళ్ళు మూసుకుని విన్నది. పాలు తాగుతూ ఎన్నిసార్లు ఆగుతుంది, నుదుట చెమట పడుతుందా అని అడిగింది. ఐదు నెలల్లో ఈ రెండు ప్రశ్నలూ అడిగిన మొదటి మనిషి ఆమె.

పన్నెండున్నరకు గుండె స్కాను, ఎకో అంటారు, తీశారు. గుండె కింది గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం. రక్తం అవసరానికి మించి ఊపిరితిత్తుల్లోకి పోతోంది.

"మీరు నెమ్ము అనుకున్నది ఇదేనమ్మా," అన్నది డాక్టరమ్మ. "ఈ బిడ్డకు పాలు తాగేదే నడిచి కొండెక్కినంత పని. తాగిందంతా ఆ ఆయాసానికే సరిపోతా ఉండాది, ఇంక బరువు యాడ పెరుగుతాది? మందులు ఇస్తాను. వారం వారం తూచి నాకు చెప్పాల. కొంచెం పుంజుకుంటే వచ్చే నెల ఆపరేషను చేస్తాం. కార్డులో నిజం రాసుంటే మూడో నెల్లోనే ఎవరో ఒకరు మా దగ్గరికి పంపుండేవాళ్ళు."

"బతుకుతుందా మేడమ్?" అని రేవతి అడిగింది.

"బతికించుకుందాం. టైం ఉండాది. పారబోసుకునేంత లేదు."

ఆసుపత్రి ఎదురుగా మెస్సులో భోజనం చేశాము. రేవతి నాలుగు ముద్దలు తిని ఆకు మడిచేసింది. నేను మాత్రం కోపంగా కడుపు నిండా తిన్నాను. ఆమె నన్ను రెండు మాటలు తిట్టి ఉంటే బాగుండేది.

మూడున్నరకు పలమనేరు వెళ్ళే బస్సు ఎక్కాము, అది బంగారుపాళ్యం మీదుగానే పోతుంది. చంద్రగిరి దాటేసరికి బిడ్డ నిద్రపోయింది. పసిబిడ్డ ఉన్న ఇంటి వాళ్ళకు నేను చెప్పేది ఇంతే: బిడ్డ పాలు తాగుతుంటే పక్కన కూర్చుని చూడండి. చెమట పట్టినా, ఆగి ఆగి తాగినా, ఏడ్చినప్పుడు పెదాలు నల్లబడినా బిడ్డ చొక్కా విప్పించి గొట్టం పెట్టి వినే డాక్టరు దొరికే దాకా తిరగండి. నెలనెలా తూకం వేయించండి, ఎవరు అడ్డుపడినా సరే.

కాణిపాకం రోడ్డు దాటాక అమ్మ ఫోను చేసింది. రంధ్రం సంగతి చెప్పాను. తిడదామని పొద్దుటి నుంచీ కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవి మొదలుపెట్టేలోగానే అమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఎంత బరువు ఉండాదంట మే బిడ్డ?"

మా ఇంట్లో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. బస్సు నిండా జనం. ముందు సీట్లో ఇద్దరు ముసలమ్మలు అప్పటికే బిడ్డ వైపు తిరిగి చూస్తున్నారు. రేవతి నా చెయ్యి పట్టుకుంది.

"నాలుగు కేజీల వంద," అన్నాను, అందరికీ వినబడేలా.