సలాలా సంగతి వద్దన్నారు

ఒమాన్ దేశంలోని నిజ్వా ఆసుపత్రిలో మా వార్డు పెద్ద సిస్టరుగా పనిచేసి, నిరుడు కాకినాడ తిరిగి వెళ్లిన ఆమె కన్నుమూశారన్న వార్త మా తెలుగు క్రైస్తవ సహవాసం వాట్సాప్ గ్రూపులో, గులాబీల బొమ్మల నడుమ వచ్చింది. పక్కనే 'గొప్ప దైవజనురాలు' అని రాశారు. ఏళ్ల తరబడి ఆమెను చివరి బెంచీకి పరిమితం చేసినవారే ఆ మాట రాశారు.

ఆ సాయంత్రమే మస్కట్ నుంచి సంఘపెద్ద గారు ఫోన్ చేశారు. "బ్రదర్, మీరు చదువుకున్నవారు. స్మారక కూడికకు ఒక పేజీ రాసివ్వండి. సలాలా సంగతి మాత్రం వద్దు, బాగుండదు."

ఆసుపత్రిలో దుప్పట్ల స్టోరు చూసుకుంటూ నేను పట్టా పుచ్చుకున్నప్పుడు దానికి 'దుప్పట్ల డిగ్రీ' అని పేరు పెట్టింది ఈయనే. ఆ పుస్తకాలు నా చేత చదివించింది సిస్టరు గారు. మానేస్తానన్నప్పుడల్లా, "చదువు మధ్యలో ఆపుతావా? పెళ్లిపీటల మీంచి లేచిపోయినోడిలా ఉంటావయ్యా" అని నవ్వేవారు.

రోగికి కష్టమైన మాట చెప్పవలసి వస్తే ఆమె ముందుగా స్టూలు లాక్కుని కూర్చునేవారు. "నిలబడి చెబితే ఆర్డరేసినట్టుంటాది" అనేవారు.

ఆమె ఒక్కగానొక్క కొడుకు ఊళ్లో జ్వరంతో పోయాడు. కాగితాలు కదిలి టికెట్టు చేతికి వచ్చేలోగా సమాధి కార్యక్రమం ముగిసింది. సహవాసం పెద్దలు కారులో నిజ్వా వచ్చి ఆమెను పరామర్శించారు. పరామర్శ అన్న మాటకు ఇంతకన్నా అవమానం నేను చూడలేదు. గదిలో వరుసగా నిలబడి, ఒకరి తరువాత ఒకరు ప్రసంగించారు. "కుటుంబ ప్రార్థన ఎక్కడైనా తప్పిందేమో చూసుకోండి సిస్టర్" అన్నారు సంఘపెద్ద గారు. టూరు ప్యాకేజీలో వెళ్లివచ్చి, కూతురి పెళ్లిపత్రికలో తన పేరు ముందు 'యెరూషలేం యాత్రికులు' అని బంగారు అక్షరాలతో వేయించుకున్న మహనీయుడు ఆయన. ఆ తరువాత టీ తాగి వెళ్లారు.

ఈద్ సెలవుల్లో ఆమె సలాలా తిప్పి చూపించే బస్సెక్కారు. సంచి మోయడానికి నేనూ వెళ్లాను. అక్కడ కొండమీద, పిల్లలనూ పశువులనూ ఒంటి ఆరోగ్యాన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న బైబిల్లోని ఆ నీతిమంతుడిదని చెప్పే సమాధి ఉంది. బస్సులో వెనుక సీటు నిజామాబాద్ మేస్త్రీది. సంగతి విని ఆశ్చర్యపోయాడు.

"మీ దేవునికి గూడ కొండలున్నయా అమ్మా? కొండలు మాకే ఉన్నయనుకున్న!"

"దేవుడు కాదు బాబూ. మనకిమల్లే ఏడ్చినోడు. పక్కన కాసేపు కూర్చునొద్దామని."

"మరి ఏం మొక్కుతరు?"

"ఏమీ లేదు. ఉత్తినే కూర్చుంటాను."

ఈ ప్రయాణం సంగతి మస్కట్ చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అక్కడ వారం వారం, సెలవురోజైన శుక్రవారం, ఆరాధనలో వాక్యం చదివేది ఆమే. ఆ పని ఒక్కటే ఆమెకు ప్రాణం. నైట్ డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, రెండు గంటలు బస్సులో వచ్చేది అందుకోసమే. మరుసటి శుక్రవారం సంఘపెద్ద గారు అందరి ముందు లేచి, "సమాధులకు మొక్కే మనిషి చేత వాక్యం చదివించం" అని ప్రకటించారు.

"మొక్కలేదయ్యగారూ, కూర్చున్నాను" అన్నారామె. "మీరు మా రూముకి వచ్చినరోజున ఒక్కరూ కూర్చోలేదు."

ఆమె వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నారు. తిరిగి ఏనాడూ ఆమె చేత చదివించలేదు. ఇప్పుడు ఆమె ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించి, దాని పక్కన నిలబడి మాట్లాడబోతున్నారు. నిలబడి మాట్లాడటం వారికి బాగా వచ్చు.

వారడిగిన పేజీ వారికి ఇవ్వను. వద్దన్న సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ఆరోజు కొండమీద పొగమంచు, సన్నని తుంపర. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కొంగు తలమీదికి లాక్కుని, ఆమె లోపలికి వెళ్లారు. పచ్చని గుడ్డ కప్పిన పొడవాటి సమాధి, సాంబ్రాణి పొగ. గోడవారగా నేలమీద కూర్చున్నారు. కళ్లు మూయలేదు, చేతులు జోడించలేదు. కాసేపటికి మేస్త్రీ వచ్చాడు. ఆమెను చూశాడు. సిమెంటు మరకల బూట్లు ఆమె చెప్పుల పక్కన విడిచి, ఆమెకు కొంచెం దూరంగా నేలమీద కూర్చున్నాడు. కింద బస్సు హారన్ మోగింది. ఇద్దరూ లేవలేదు.