కిటికీ పక్కన సబ్బునీళ్లు

పదో తరగతి దాటని నాకు కెమిస్ట్రీ అంటే కెనడా ఎడ్మంటన్‌లోని నా రూమ్మేటే. హోటల్లో వంట చేసే నాకు ఆదివారం ఒక్కటే సెలవు. అది కాస్తా అతన్ని ల్యాబ్‌లో దింపడానికే సరిపోయేది.

అతని పని వినడానికి తేలికే. సబ్బునీళ్లలో అమైనో ఆమ్లం, చిటికెడు లోహపు లవణం వేసి, పర్మాంగనేట్ కలిపి, దాని ఊదా రంగు ఎంతసేపట్లో పోతుందో మిషన్‌లో చూడాలి. కలిపిన ప్రతిసారీ ఒకే టైము వస్తేనే ప్రొఫెసర్ థీసిస్‌కి ఒప్పుకుంటారు. స్టడీ పర్మిట్ గడువేమో దగ్గరపడింది. టైములు మాత్రం ఏ వారానికి ఆ వారం తమకు తోచినట్టు వచ్చేవి.

ఆ ఆదివారం నేనూ లోపలికి వెళ్లాను. కిటికీ పక్కనున్న సబ్బునీళ్ల ముదురురంగు సీసాను అతను వెలుతురులోకి ఎత్తగానే అడుగున తెల్లటి ముద్ద కనిపించింది.

"ఏంది తమ్మీ, పెరుగు తోడేసినవా?" అన్నాను.

అతను నవ్వలేదు. "గుంటూరులో మా కాలేజీ ల్యాబ్‌లో కూడా చల్లగా ఉంటుందని కిటికీ దగ్గరే పెట్టేవాళ్లం అన్నా. అక్కడెప్పుడూ గడ్డకట్టలేదు."

"ఈడి చలికి కిటికీ అంటే ఫ్రిజ్‌రా నాయనా!"

ఇన్నాళ్లూ సబ్బు అడుగున కూర్చుంటే, అతను పైన మిగిలిన పలచటి నీళ్లు వాడాడు. ఇక టైములు ఎలా కలుస్తాయి? సీసాను వేడినీళ్లలో పెట్టి కరిగించాడు. కలిపితే నురగ లేచింది. నురగ ఉంటే మిషన్‌కి రంగు సరిగ్గా అందదట. అది అణిగేలోపు మిషన్ బుక్ చేసుకున్న మరో స్టూడెంట్ వచ్చేసింది.

కారెక్కాక, "పాత రీడింగులన్నీ పారేయాలన్నా. పర్మిట్ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేయాలి," అన్నాడు.

"అయితే వచ్చే ఆదివారం గూడ నాది కాదన్నమాట."

"పొద్దున్నే బయల్దేరదాం అన్నా. సబ్బు కరగాలిగా."