పటాల మీది గుమ్మడిపూలు

కడపలో మా మిద్దె మీద పెద్ద టబ్బులో గుమ్మడి తీగ పెట్టాను. అది పిట్టగోడ నిండా పాకి పిందెలు వేసింది. వేసిన పిందె వేసినట్టే పండుబారి రాలిపోయింది. ఆ ఎండకు మిద్దె మీదికి తేనెటీగ ఒక్కటి కూడా రాదు కాబట్టి, మగపువ్వు కోసి ఆడపువ్వులో నేనే రుద్దాలనుకున్నాను. పొద్దున పైకి పోతే మగపువ్వు ఒక్కటీ లేదు. పిందె లేని పూలన్నీ ఏరి కోసి మా అత్త అప్పటికే దేవుడి పటాలకు పెట్టేసింది.

"అవి మగపూలత్తా. అవి లేకుంటే కాయ నిలవదు" అన్నాను.

"మగపూలైతే తీగ మీద ఊరికే కూర్చోనుండేది తప్ప ఏం జేస్తాండాయి? ఈడ దేవునికన్నా పనికొస్తాయి" అంది.

నాకు ఒళ్లు మండింది. మరునాడు ఆమె హారతి ఇచ్చి వంటింట్లోకి పోగానే పటం మీది పువ్వొకటి తీసుకుని మిద్దెక్కాను. కుంకుమ అంటిన రేకలు తుంచేసి, ఆడపువ్వులో రుద్దాను.

పిందె నిలిచి, బిందెంత కాయ అయింది.

"చూసినావా మ్మే, పూలు పెట్టినందుకు దేవుడు శానా పెద్దకాయ ఇచ్చినాడు" అని అత్త వీధంతా చెప్పుకుంది.

ఇప్పుడు భక్తి ఇంకా పెరిగి, పిందె ఉన్న పూలు కూడా కోస్తోంది.