సీసాలో దూది

కరీంనగర్ నుంచి మంచిర్యాలకు వచ్చే బస్సులో, గుంత వచ్చిన ప్రతిసారీ నా సంచి గలగలమనేది. అందులో మా చెల్లి కూతురి మందుల సీసా ఉంది. చెల్లి హెచ్‌ఐవీతో పోయింది, పిల్లకూ పుట్టుకతోనే అది వచ్చింది. మందు మా ఊళ్లోనూ ఇస్తారు. అయినా మేముండే బొగ్గు గని క్వార్టర్లలో ఎవరి కంటా పడొద్దని కరీంనగర్ దాకా వెళ్తాం.

పిల్ల కిటికీ పక్కన నిద్రపోతోంది. నాకు ఇటువైపు కూర్చున్న పెద్దామె ఎక్కినప్పటి నుంచీ నా సంచినే చూస్తోంది.

"ఏడికెల్లి వస్తున్నరు?"

"పెండ్లికి పోయొస్తున్నం."

"పిల్లకు బడి లేదా ఇయ్యాల?"

ఆరా తీసేవాళ్లు నాకు కొత్త కాదు. ఒక్క మాట దొరికితే చాలు, రేపటికల్లా బడిలో పిల్ల పక్కన ఎవరూ కూర్చోరు. సంచిని ఒళ్లోకి లాక్కుని మొహం తిప్పుకున్నాను.

బస్సు ఎగిరింది. సంచి మళ్లీ గలగలమంది. ఆమె తన చేతిసంచిలోంచి, లేబుల్ గీకేసిన సీసా ఒకటి తీసింది. మందుగోలీల మీద కుక్కిన దూదంతా లాగి నా గుప్పిట్లో పెట్టింది.

"పైన గిది కుక్కు బిడ్డా, సప్పుడు గాదు. మా గ్రూపుల పిల్లలందరికి గిట్లనే పెడ్తం. నెలకోపారి కూసుంటం, పిల్లను తోల్కరా."

ఎక్కడ అని నేను అడగలేదు. నమ్మకం కుదరలేదు.

పెద్దపల్లిలో ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని లేచింది. మెట్లు దిగుతుంటే ఆమె సంచి గలగలమంది.

ఇప్పుడు బస్సెక్కేటప్పుడు మా సీసాకు పట్టేదానికంటే దూది కొంచెం ఎక్కువే పెట్టుకుంటాను.